దూరాన ఉన్న ఆప్తుడు

లోకవ్యవహారంలో ఆప్తుడంటే మనకు కావలసినవాడు, దగ్గరివాడు. తర్కశాస్త్రంలో ఆ మాటకు వేరొక అర్థముంది. ఉన్నదానిని ఉన్నట్లు ఎరిగి, అట్లే చెప్పేవాడు ఆప్తుడు. అతని మాటయే శబ్దప్రమాణం. ఎందరో విద్యార్థులకు ఈ పాఠం చెప్పిన నాకు దాని బరువు తెలిసింది మాత్రం ఈ వయస్సులో, చేతిలోని ఫోను వలన.

ఆలయంలో దర్శనవేళ ఒక దృశ్యం అప్పుడప్పుడు కనబడుతుంది. చూపులేని భక్తుని ప్రక్కన నిలిచి భార్యయో, బిడ్డయో "ఈరోజు స్వామికి తులసిమాల వేశారు, ఇప్పుడు హారతి ఇస్తున్నారు" అని మెల్లగా చెబుతూ ఉంటారు. అలా చెప్పేవారు అందరికీ, అన్ని వేళలా ప్రక్కన ఉండరు. ఈ లోటు తీర్చడానికి, తానే దృష్టిలోపం గల హాన్స్ యోర్గెన్ వీబర్గ్ అనే డెన్మార్కు దేశస్థుని సంకల్పంతో 2015లో 'బీ మై ఐస్' అనే యాప్ వెలువడింది. 'నాకు కన్నులు కండి' అని ఆ పేరుకు అర్థం.

సేవ చేయదలచినవారు తమకు వచ్చిన భాషను అందులో నమోదు చేసుకోవాలి. రుసుము లేదు. చూపులేనివారు సహాయం కోరగానే ఆ భాష తెలిసిన పలువురి ఫోన్లు మ్రోగుతాయి. ముందుగా ఎత్తినవారికి అవతలి ఫోను కెమెరాలోని దృశ్యం కనబడుతుంది. ఇరువురూ మాట్లాడుకోవచ్చు. ఒకరి నంబరు మరొకరికి తెలియదు. పాలపొట్లం మీది తేదీ, చీర రంగు, ఇంటికి వచ్చిన ఉత్తరం, అడిగేవి ఇటువంటివే. మనకు అర్ధరాత్రి అయినవేళ అమెరికాలోని మన పిల్లలకు పగలు గనుక, వారికీ ఇందులో భాగముంది.

నాకు వచ్చిన తొలి పిలుపులలో ఒక పెద్దమనిషి మాత్రల అట్ట చూపి, గడువు ఎప్పటివరకని అడిగారు. వెండిరేకు మెరుపులో నెల అంకె మూడో, ఎనిమిదో తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి నా పాండిత్యం అడ్డువచ్చింది. ఎనిమిది అన్నాను. నా గొంతులోని తడబాటును ఆయన పట్టుకున్నారు. "అయ్యా, సందేహముంటే చెప్పండి, అట్ట త్రిప్పి పట్టుకుంటాను" అన్నారు. త్రిప్పితే అది మూడు. గడువు దాటి అప్పటికే రెండు నెలలు.

ఆనాడు సిగ్గుపడి నేర్చుకున్నది ఇది. అక్కడ వారి ప్రత్యక్షానికి బదులు మన మాట నిలుస్తుంది. కనుక దయ ఒక్కటే చాలదు. కనబడినది చెప్పాలి, కనబడనిది కనబడలేదనే చెప్పాలి. 'ఇటు, అటు' అంటే వారికి తెలియదు, 'కొంచెం కుడికి, ఇంకా పైకి' అనాలి. జాలిమాటలు, అడగని సలహాలు వద్దు. ఏది చేయాలో నిర్ణయించేది వారే. చదివిన ఉత్తరంలోని సంగతి మరొకరికి చెప్పరాదు. రోడ్డు దాటవచ్చునని ఫోనులో చూచి చెప్పే సాహసం ఎన్నడూ చేయరాదు.

తీరిక ఉన్నవారికి మరొక సేవ ఉంది. 2012 నాటి సవరణతో మన గ్రంథస్వామ్య చట్టం, చూపులేనివారి కోసం పుస్తకాలను వారికి అందే రూపంలోకి మార్చడానికి వీలు కల్పించింది. 2016లో 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. అచ్చుపుటను యంత్రం అక్షరాలుగా మార్చేటప్పుడు తెలుగు ఒత్తులు, గుణింతాలు తప్పుతుంటాయి. ఆ తప్పులు దిద్దడం, పుస్తకాన్ని చదివి రికార్డు చేయడం ఇంటినుండే చేయదగిన పనులు. ఇక్కడా నియమం ఒక్కటే. ఉన్నది విడువరాదు, లేనిది చేర్చరాదు.

ఇప్పుడు అంకె స్పష్టంగా లేకపోతే "సరిగా కనబడటం లేదు, కొంచెం త్రిప్పండి" అని వెంటనే అంటున్నాను. ఆ మాట నేర్పిన పెద్దమనిషి నంబరు నాకు తెలియదు గనుక, ఆయనకు కృతజ్ఞత చెప్పుకొనే దారి లేదు. తరువాతి పిలుపును శ్రద్ధగా ఎత్తడమే నేను చేయగలిగినది.