పొంగిన కొల్లేటిలో చేపల జాడ

కొల్లేటి సరస్సు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పళ్లెమువలె పరచుకొన్న పల్లపు నేల యగుటచేత, బుడమేరు, తమ్మిలేరు మొదలైన యేరులు వరదను తెచ్చి అందులో కలిపినప్పుడు నీరు నిలువున పెరుగుటకంటె ప్రక్కలకు ప్రాకుటయే అధికము. 5 అడుగుల కాంటూరు వరకు లెక్కించినచో దాని విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల కాంటూరు వరకు లెక్కించినచో 901. ఐదడుగుల పెంపుతో సరస్సు ఇంచుమించు మూడింతలగుచున్నది. గాలము పట్టువాడు వర్షర్తువున ముందుగా మనస్సున నిలుపుకొనవలసిన సంగతి యిదియే. చేపల చెరువుల గట్లు వరదకు అడ్డునిలిచిన చోటులలో మాత్రము ఈ లెక్క చెల్లదు.

నీరు పెరుగుచున్నంతకాలము చేప నీటి అంచును వెంబడించుచు గట్టువైపునకే సాగును. క్రొత్తగా మునిగిన గడ్డిలో వానపాములు, పురుగులు, కప్పపిల్లలు సమృద్ధిగా లభించుటయే గాక, గ్రుడ్లు పెట్టుటకు, దాగికొనుటకు అనువైన చాటును అచ్చటనే దొరకును. కావున వేసవిలో ఆశ్రయించిన మడుగును విడిచి, దారముపై బెండును క్రిందికి జరిపి, గాలము జానెడు మూరెడు లోతున వ్రేలాడునట్లు అమర్చి, అడుగుల చప్పుడు కానీయక గట్టునుండియే వేటాడవలెను. బురదనీటిలో చూపుకంటె వాసన ప్రధానమగుటచేత వానపామును మించిన ఎర లేదు. మురికినీరు తేటనీటితో కలియు రేఖ వెంబడి దానిని విడుచుట మేలు.

ఈ కాలమున కొఱ్ఱమీను విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. మునిగిన గడ్డి క్రుళ్లి నీటిలో ప్రాణవాయువు తగ్గినను, అది పైకి వచ్చి గాలిని పీల్చి బ్రతుకగలదు; తక్కిన చేపలు తొలగిపోయిన నాచునడుమ సైతము నిశ్చింతగా సంచరించును. గడ్డిలో చిక్కుకొన్నను తెగని గట్టి దారమునకు చిన్న కప్పను గ్రుచ్చి, నీటి పైభాగమున మెల్లగా కదలించినచో తటాలున అందుకొనును. అయితే ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై మెదలుచున్న చోట గాలము వేయరాదని వేటగాండ్రనందఱిని చేతులు జోడించి వేడుకొనుచున్నాను. ఆ గుంపును కాచుచు తల్లిదండ్రులు సమీపముననే యుండి, దగ్గఱకు వచ్చిన దేనినైనను ఎదుర్కొనును; అందుచేతనే అవి సులభముగా చిక్కును. కావలి తొలగిన పిల్లలు ఇతర మత్స్యములకు ఆహారమైపోవును.

బొచ్చె, శీలావతి వంటివి గ్రుడ్లు పెట్టుటకు పారునీటిని కోరి ఎదురెక్కును. చెరువుల అలుగుల క్రింద అవి గుమికూడుటకు కారణమదియే. కడుపుతో నున్న చేపను అచ్చట పట్టుట సంతతికే హాని. పైగా పాకుడు పట్టిన అలుగు రాతిపై నిలుచుట ప్రాణాపాయకరము.

వానలు వెనుకంజవేసి, ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రమునకు తీయనారంభించినప్పుడు చేపల నడక తిరుగబడును. పంటచేల నీరు గండ్ల గుండ, పిల్లకాలువల గుండ సరస్సులోనికి దిగుచుండగా, దానితోకూడ చేపలును దిగును. కొల్లేటి లంకలలోని వడ్డీలు అను జాలరులు మావులు అను చేపల బోనులను పన్నుటకు ఈ దారులనే ఎన్నుకొందురు. గాలపువాడును గట్టును విడిచి కాలువ నోటికి చేరి, బెండును మరల పైకి జరిపి, ఎరను అడుగంటునట్లు దింపవలెను. వాలుగ, జెల్లలు ఆ త్రోవలోనే కాచుకొని, నీటితో కొట్టుకొనివచ్చు పరిగెలను మ్రింగుచుండును.