చేలో పడిన పెట్టెలో చుక్కల కబుర్లు

తెల్లారి చేనుకు వెళ్లిన రైతుకు పెద్ద గొడుగులాంటి గుడ్డ, దాని తాళ్లకు కట్టిన పెట్టె కనబడితే గుండె ఝల్లుమనడం సహజం. బాంబు అనుకుని పరుగెత్తేవారు కొందరు, లోపల ఏముందోనని రాయి తీసుకుని కొట్టబోయేవారు మరికొందరు. అది బాంబూ కాదు, నిధీ కాదు. ఆకాశం సంగతులు తెలుసుకునే యంత్రాల పెట్టె.

టాటా మౌలిక పరిశోధన సంస్థ 1969 నుంచి హైదరాబాదులో బెలూన్ల కేంద్రం నడుపుతోంది. పల్చని ప్లాస్టిక్ బెలూనులో హైడ్రోజన్ నింపి, దానికి యంత్రాలు కట్టి, రాత్రివేళ లేదా తెల్లవారుజామున వదులుతారు. పని పూర్తయ్యాక పెట్టె పారాచూటుతో దిగుతుంది. గాలివాటాన్ని బట్టి ఎన్నో కిలోమీటర్ల దూరంలో, ఏ ఊరి పొలంలోనైనా పడవచ్చు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో పెద్ద యంత్రం దిగితే జనం విరగబడి చూశారు. మనుషులను అంత ఎత్తుకు తీసుకువెళ్లాలని ఒక స్పెయిన్ కంపెనీ చేసిన పరీక్ష అది. లోపల మనుషులెవరూ లేరు.

అంత ఎత్తు ఎందుకు?

చుక్కల నుంచి వచ్చేది కంటికి కనబడే వెలుగు ఒక్కటే కాదు. ఎక్స్ కిరణాలు, పరారుణ కిరణాలు కూడా వస్తాయి. వాటిలో చాలావాటిని మన గాలి అడ్డుకుంటుంది. ఎక్స్ కిరణాలు నేలకు చేరకపోవడం ప్రాణులకు మేలే గాని, ఆకాశాన్ని పరిశీలించే వారికి అది తెర. బెలూను 30, 40 కిలోమీటర్లు పైకి వెళితే నూటికి 99 పాళ్ల గాలి కిందనే ఉండిపోతుంది. రాకెట్టుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. పెట్టె భద్రంగా దొరికితే మళ్లీ పనికివస్తుంది. మీటరు వెడల్పు అద్దమున్న దుర్బిణీని హైదరాబాదు నుంచి ఇలాగే పంపి, ధూళి మేఘాల చాటున కొత్త చుక్కలు పుట్టే చోట్లను శాస్త్రజ్ఞులు పరిశీలించారు.

విశ్వం పుట్టుక సంగతి కూడా బెలూన్లు చెప్పాయి. విశ్వానికి సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ల వయసున్నప్పుడు బయలుదేరిన వెలుగు నేటికీ అన్ని దిక్కుల నుంచీ బలహీనంగా వస్తూనే ఉంది. 1998 చివర అంటార్కిటికా మీద పది రోజులకు పైగా తిరిగిన బూమరాంగ్ అనే బెలూను దాన్ని శ్రద్ధగా కొలిచింది. ఇటువంటి కొలతలన్నీ కలిపి చూసి, విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టారు.

మనకేమిటి లాభం?

ఈ లెక్క తెలిస్తే వడ్లకు ధర పెరుగుతుందా అని అడిగేవారున్నారు. పెరగదు. అయితే ఇది మనకు సంబంధం లేని విషయమూ కాదు. ఆ బెలూనులోని హైడ్రోజనే మన బావి నీళ్లలోనూ ఉంది. దాని మూలకణాలు విశ్వం పుట్టిన తొలి నిమిషంలోనే ఏర్పడ్డాయి. నాగటి కర్రులోని ఇనుము, మన ఎముకల్లోని కాల్షియం చుక్కల కొలిమిలో తయారైనవే. మన తాత ముత్తాతల ఊరేదని అడిగినట్టే, మనిషి ఈ సంగతీ అడుగుతున్నాడు.

అదీకాక, బెలూన్లు చుక్కలను చూసి ఊరుకోవు. అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2015 తర్వాత కొన్నేళ్లపాటు వానకాలంలో హైదరాబాదు నుంచి బెలూన్లు పంపి, చాలా ఎత్తున పేరుకునే పొగను, ధూళిని కొలిచారు. వాతావరణం తీరు తెలియడానికి అది అవసరం.

పెట్టె కనబడితే

దానిని తాకవద్దు, విప్పవద్దు. కొన్ని యంత్రాలలో ప్రమాదకరమైన విద్యుత్తు ఉండవచ్చు. పారాచూటు గుడ్డ చించి పంచుకోవద్దు. పెట్టె మీది చిరునామాకు గాని, దగ్గరి పోలీసు స్టేషనుకు లేదా పోస్టాఫీసుకు గాని కబురు చేయాలి. చెక్కుచెదరకుండా అప్పగించిన వారికి తగిన బహుమతి, ఫోను ఖర్చు ఇస్తామని కేంద్రం వారు ప్రకటనల్లో చెబుతూ వచ్చారు. విప్పితే బహుమతి పోవడం చిన్న సంగతి. ఏళ్ల తరబడి చేసిన పని ఒక్క రాయి దెబ్బతో పాడవుతుంది.

మరొక మాట. చూడవచ్చినవారు చేలోకి దిగి తొక్కితే నష్టపోయేది రైతు. గట్టు మీదనే నిలబడి చూస్తే పెట్టె దక్కుతుంది, పంటా దక్కుతుంది.