కత్తివాదర

‘పదును’ అనే మాట మన రైతుకూ, మన క్షురకునికీ ఉమ్మడి ఆస్తి. వాన వెలిసిన పిమ్మట నేల దుక్కికి అనువుగా ఉంటే పదునున్నదని ఒకరంటారు. కత్తి చురుకుగా తెగితే పదునున్నదని మరొకరంటారు. ఈ రెండు పదునులకూ సమానధర్మం ఒకటున్నది. ఏదీ తనంతట నిలిచేది కాదు. నేల ఆరుతుంది, కత్తి మొద్దుబారుతుంది. పదును ఒకసారి సంపాదించి దాచుకొనేది కాదు, ప్రతిదినం కాపాడుకోవలసినది. ఈ సంగతిని మంగలికత్తి చెప్పినంత స్పష్టంగా మరే పనిముట్టూ చెప్పదు.

రామగుండం, గోదావరిఖని వంటి సింగరేణి పట్టణాలలో ఈ పదునుకు విలువ మరింత ఎక్కువ. గనిలో షిఫ్టు ముగించుకొని పైకి వచ్చిన కార్మికుని గడ్డంలో బొగ్గుధూళి చేరి ఉంటుంది. చర్మం తెగి, ఆ గాయంలో ధూళి చిక్కుకొని మానితే, నీలిమచ్చ ఒకటి చర్మంలో శాశ్వతంగా నిలిచిపోతుంది. ప్రపంచంలోని బొగ్గుగనుల సీమలన్నిటా వైద్యులు ఎరిగిన గుర్తు ఇది. మొద్దుకత్తి వెంట్రుకను కోయలేక లాగుతుంది. కత్తి లాగినకొద్దీ చేయి బలం పెంచుతుంది. బలం పెరిగితే చర్మం తెగుతుంది. కనుక ఇక్కడ పదును కేవలం సౌఖ్యం కాదు, ఎదుటివాని మొగం పట్ల బాధ్యత.

ఆ పదునును నిలిపే పనులు రెండు. మొదటిది సానపట్టడం. నున్నని సానరాతిని నీటితో తడిపి, కత్తి వెన్నూ వాదరా రెండూ ఒకేసారి రాతిని ఆనేటట్లు పరచి, వాదర ముందుగా నడపాలి. చివరకు వచ్చిన తరువాత వెన్నుమీదుగా త్రిప్పి రెండవ ప్రక్క నూరాలి. వాదర ఏ కోణంలో తయారు కావాలో కత్తి వెన్ను లావే నిర్ణయిస్తుంది. నూరేవాడు చేయవలసిందల్లా బరువు వేయకుండా ఉండడం. రెండవది తోలుపట్టా మీద ఒరయడం. ఇక్కడ నడక తారుమారవుతుంది. వెన్ను ముందు, వాదర వెనుక. ఎదురు నడిపితే తోలు తెగుతుంది, వాదర చెడుతుంది. పట్టాను బిగువుగా పట్టాలి. వదులుగా వ్రేలాడితే అంచు గుండ్రబడుతుంది.

ఈ రెండింటికీ గల భేదం గమనింపదగినది. సానరాయి ఉక్కును అరగదీసి క్రొత్త అంచును పుట్టిస్తుంది. తోలుపట్టా ఉన్న అంచును సరిదిద్ది, శుభ్రపరచి, నునుపు చేస్తుంది. అంటే రాయి కత్తి ఆయుర్దాయం నుంచి కొంత తీసుకొని పదునునిస్తుంది. తోలు దాదాపు ఏమీ తీసుకోకుండానే ఆ పదునును నిలుపుతుంది. ప్రతి క్షవరానికీ ముందు పట్టా తప్పనివానికి రాతితో అవసరం అరుదుగా కలుగుతుంది. పట్టాను నిర్లక్ష్యం చేసినవాడు మాటిమాటికీ రాతిని ఆశ్రయించి కత్తిని అరగదీసుకొంటాడు.

మెత్తని వెంట్రుక గట్టి ఉక్కును ఎట్లా మొద్దుబరుస్తుందన్న సందేహానికి ఇటీవలనే ఒక సమాధానం దొరికింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2020లో ‘సైన్స్’ పత్రికలో దీనిని వివరించారు. వెంట్రుక బ్లేడుకన్న సుమారు 50 రెట్లు మెత్తన. అయినా అది వంగి ఏటవాలుగా తగిలినపుడు, అంచులో ఉక్కు నిర్మాణం ఒకే తీరుగా లేని చోట సూక్ష్మమైన పెచ్చు ఊడుతుంది. వెంట్రుకకే ఇంత శక్తి ఉంటే ఇసుక మాట చెప్పనక్కరలేదు. ఇక్కడి బొగ్గుపొరల నడుమ ఇసుకరాయి ఉన్నది. బొగ్గు తీసిన ఖాళీలను గోదావరి ఇసుకతో పూరించే పద్ధతి కూడా ఈ గనులలో చాలాకాలం సాగింది. బొగ్గు మెత్తనిదే కాని, ఇసుకలోని స్ఫటికం కత్తి ఉక్కుకన్న కఠినం. రాతిమీదనో పట్టామీదనో ఒక్క రేణువు మిగిలితే చాలు, వాదర గాటుపడుతుంది. ముందుగా మొగం కడిగించి, గడ్డాన్ని నీటిలో నానబెట్టడం అందువల్ల మర్యాద మాత్రమే కాదు. ధూళి పోతుంది, నానిన వెంట్రుక సులువుగా తెగుతుంది. ‘మంగలి పాత, చాకలి క్రొత్త’ అన్న సామెత మెచ్చుకొన్నది ఇటువంటి మెలకువలెరిగిన చేతినే.

మేలిమి ఉక్కుకు మన సీమ పేరుపడినదే. గోదావరికి ఎగువన, నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో ఉక్కు తయారైన తీరును హెన్రీ వోయ్సీ వర్ణించిన వ్యాసం 1832లో కలకత్తా ఆసియా సంఘం పత్రికలో వెలువడింది. పారశీక వర్తకులు ఆ ఉక్కుకోసం అక్కడికి వచ్చేవారు. లండనులో క్షవరపు కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసిన జేమ్స్ స్టోడార్ట్ భారతదేశపు ఉక్కు ఐరోపా ఉక్కుకన్న మేలని తన దుకాణపు చీటీమీదనే ప్రకటించుకొన్నాడు. ఆయనే మైకేల్ ఫారడేతో కలిసి 1820లో ఉక్కు మిశ్రమాలపై పరిశోధన ప్రచురించాడు. అయితే ఎంత మంచి ఉక్కయినా పట్టా మొగం చూడకపోతే మొద్దుబారక తప్పదు. జన్మగుణం వేరు, నిత్యసాధన వేరు.

1903లో జిలెట్ కంపెనీ, పారవేసే బ్లేడుతో కూడిన క్షవరసాధనాన్ని అమ్మకానికి తెచ్చింది. నేడు క్షౌరశాలలలో మనిషికొక క్రొత్త బ్లేడు మార్చే కత్తి వాడుకలో ఉన్నది. కామెర్లు కలిగించే క్రిములు, ఎయిడ్స్ క్రిమి రక్తం ద్వారా వ్యాపిస్తాయి కనుక పదిమందికి ఒకే కత్తి వాడరాదన్నది నిర్వివాదం. ప్రాతకత్తి ఒకరి సొంత గడ్డానికి పరిమితమైతేనే క్షేమం. ఈ మార్పు మంచిదే. అయితే బ్లేడు మొద్దుబారితే పారవేస్తాము. దాని పదును బాధ్యత మనది కాదు. ప్రాతకత్తి పదును బాధ్యత పట్టుకొన్నవానిదే.

తాతల కాలపు కత్తి ఏ ఇంటి పెట్టెలోనైనా ఉంటే, విద్యార్థులు పెద్దలచేత తీయించి దాని వెన్నును చూడవచ్చు. సానరాయి తాకిన మేర వెన్నుకు ఇరుప్రక్కలా చదునైన చార కనిపిస్తుంది. చార వెడల్పుగా ఉంటే ఆ కత్తిని బలంతో, తరచుగా రాతిమీద నూరారని గ్రహించవచ్చు. సన్నగా ఉండి, కత్తి ఎన్నో ఏళ్ళు పనిచేసినదైతే, దాని యజమాని ప్రతి ఉదయం పట్టామీద కొద్ది క్షణాలు గడిపినవాడని తెలుస్తుంది.