తీపి, కారం, నిగనిగ: యింట్లోనే కోడిముక్కల పాకం

ఆదివారం మధ్యాహ్నం జూజువాడిలో మన తెలుగువారి యిళ్ళలో ఏమి ఉడుకుతున్నదో తెలుసుకోవడానికి జోస్యుడు అక్కరలేదు. వీధి మొగలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చినా చాలును. ధనియాలు, కొబ్బరి నూరి పోసిన కోడికూర, దాని ప్రక్కన రాగి సంగటి. తాతలనాటినుండి వస్తున్న ఏర్పాటు అది. యీమధ్య కొన్నేండ్లుగా ఆ వాసనలో మరొకటి వచ్చి కలుస్తున్నది. బెల్లం కాగినట్లుంటుంది, వెల్లుల్లి వేగినట్లుంటుంది, కొంచెం పుల్లగానూ ఉంటుంది. అది వంటింటినుండి రాదు. అత్తిబెలె అవతలనుండి, బెంగుళూరునుండి, అట్టపెట్టెలలో వస్తుంది.

అందులో ఉండేవి కోడిముక్కలే. పైన ఎర్రగా, జిగటగా, అద్దంలాగా మెరిసే పూత ఒకటి ఉంటుంది. కొరికితే మొదట తీపి, వెంటనే కారం, చివర ఉప్పదనం. పిల్లలకు యిది ప్రాణం. పెద్దలు తినగూడదని కాదు గాని, ఆ పెట్టె వెలకు అంగట్లో కిలోకు పైగా మాంసం వస్తుందని లెక్క తెలిసినవారికి ముద్ద సాఫీగా దిగదు. మావంటి గుమాస్తాలకు యీ లెక్క అడగకుండానే నోటికి వస్తుంది. అయినా డబ్బు సంగతి అటుంచండి. మా మనస్సుకు కష్టంగా తోచినది మరొకటి. పిల్లలు పెట్టె విప్పుకొని ఒక గదిలో, అవ్వ, అత్త, తక్కిన పెద్దలు సంగటి ముందు పెట్టుకొని వంటింట్లో. అవ్వ అంగడి కూడు ముట్టదు. వారంలో అందరూ యింట్లో ఉండే పూట ఒక్కటే గదా. ఆ పూట పంక్తి రెండుగా చీలితే ఎట్లా? అందుచేత ఆ వంటకాన్నే యింట్లో దింపగలమా అని మేము పూనుకొన్నాము. దింపగలిగాము. చేసిన తీరు సంఘ సభ్యుల కుటుంబాలకు ఉపయోగపడునేమోనని యిక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా యిది ఎక్కడి వంట అన్న ప్రశ్న వస్తుంది. జపానువారికి తెరియాకి అని ఒక పద్ధతి ఉన్నది. వారి భాషలో తెరి అంటే మెరుపు, యాకి అంటే నిప్పుమీద కాల్చినది. సోయా రసం, తీపి సారా, పంచదార కలిపి కాచి, కాలుతున్న ముక్కలమీద పూస్తారు. కొరియావారు కోడిముక్కలను బాగా వేయించి, మిరపముద్దతో చేసిన తీపి పాకంలో దొర్లిస్తారు. యిప్పుడు బెంగుళూరునుండి మన పిల్లలు తెచ్చేది ఎక్కువగా దాని పోలికే. మన దేశంలో దీనికి అన్నగారు మంచూరియా. 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్బులో నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటవాడు మొదట చేశాడని చెబుతారు. మద్రాసు బుహారీ హోటలువారు 1965లో తమదేనని చెప్పుకొనే చికెన్ 65కు మాత్రం యీ పాకం లేదు, అది పొడి వేపుడు. ఎర్రగా ఉన్నదంతా ఒకటే అనుకోరాదు.

"మాంసంలోకి బెల్లమేందిరా నాయనా, పెండ్లి పాయసమా యిది?" అని అవ్వ మొదటిరోజే అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. తెలుగు యింట మాంసంలో తీపి వేసే అలవాటు లేదు. ఉన్నదని బుకాయించడం మాకు యిష్టం లేదు. అయితే తీపి, పులుపు, కారం ఒకే గిన్నెలో కలపడం మనకు ఎవరో నేర్పవలసిన విద్య కాదు. గుమ్మడికాయ దప్పళంలో బెల్లంగడ్డ వేయనిదే మనకు రుచించదు. చింతపండు పులుసు ఏదైనా కొసరుగా తీపి కోరుతుంది. ఉగాది పచ్చడిమాట చెప్పనే అక్కరలేదు. ఆ ఉగాది మరునాడే ఎల్లకు ఆవలి కన్నడ పల్లెలలో హొసతొడకు అని మాంసం వండుకొంటారు. ముందునాటి తీపి పులుపులు, మరునాటి మాంసం, రెండూ ఒక్క గిన్నెలోకి వచ్చాయనుకొంటే సరిపోతుందని మేము అవ్వకు సర్దిచెప్పాము. ఆమె ఒప్పుకోలేదు. "చెయ్యి చూస్తాం" అన్నది. అది చాలును.

యిక సరుకులు. ఆరేడుగురికి కిలో మాంసం సరిపోతుంది. తొడలు, కాళ్ళు, రెక్కలు తీసుకోండి. రొమ్ము మాంసం త్వరగా ఎండి పీచువలె అవుతుంది, పాకం పట్టదు. ఫారంకోడి అయితేనే ఈ పద్ధతి యథాతథంగా నడుస్తుంది, ఎందుకంటే అది ఆరువారాల లేత పక్షి. నాటుకోడితో చేయదలచినవారు ముందు కుక్కరులో మెత్తబడేదాకా ఉడికించుకోవలసి ఉంటుంది. నాటుకోడిని యిట్లా తీపిలో ముంచడం దాని రుచికి అన్యాయమని మా అభిప్రాయం. దానిని కూరకే ఉంచండి.

కోడిమాట వచ్చింది గనుక ఒక సంగతి. యీ ఫారంకోడి మన వంటింటికి యింత చవుకగా రావడంలో ఒక తెలుగువాని చెయ్యి ఉన్నది. బండ వాసుదేవరావుగారు 1971లో పూనాలో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. 1982లో గ్రుడ్ల రైతులను ఒక్క త్రాటిమీదికి తెచ్చి జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘం నెలకొల్పినవారూ వారే. మన హోసూరు ప్రక్కనున్న మత్తిగిరిలో, ఒకప్పుడు సైన్యంవారి గుర్రాలు మేసిన పెద్ద పశువుల ఫారం ఉన్న చోటనే, కోళ్ళ పెంపకం చదువు చెప్పే కళాశాల కూడా ఉన్నది. కోళ్ళ పెంపకంలో పట్టం యిచ్చే కళాశాల మన గడపలోనే ఉన్నదని మన పిల్లలలో ఎందరికి తెలుసును?

మాంసాన్ని కొళాయి క్రింద ధారగా పెట్టి కడగవద్దు. పచ్చి కోడిమాంసంలో కడుపుకు చెరుపు చేసే క్రిములుంటాయి. నీళ్ళు చిమ్మితే అవి ప్రక్కనున్న కొత్తిమీరకు, పళ్ళేలకు అంటుకొంటాయి. కడగకుండా మన ఆడవారి మనస్సు ఒప్పదు గనుక, లోతు గిన్నెలో ఉప్పు, పసుపు వేసి మెల్లగా కడిగి, ఆ నీళ్ళు జాగ్రత్తగా పారబోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. తరువాత ముక్కలను గుడ్డతో తడి లేకుండా అద్దండి. యీ పని చాలామంది వదిలేస్తారు. తడి ఉన్న ముక్క వేగదు, ఉడుకుతుంది. వేగని ముక్కకు రంగు రాదు. ముక్కలకు ఒక చెంచా ఉప్పు, అర చెంచా మిరియాలపొడి, ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, సగం నిమ్మకాయ రసం పట్టించి గంటసేపు ఉంచండి. ఎండకాలమైతే యీ గంట ఫ్రిజ్‌లోనే.

అడుగు మందంగా ఉన్న వెడల్పాటి బాణలిలో రెండు గరిటెల వేరుశనగ నూనె కాచి, ముక్కలను ఒకదానిమీద ఒకటి పడకుండా పరచండి. నాలుగైదు నిమిషాలు కదపవద్దు. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, రెండవవైపు కూడా ఎర్రబడనిచ్చి, మూతపెట్టి సన్నని సెగమీద ఇరవై, ఇరవైఐదు నిమిషాలు మగ్గనివ్వండి. కత్తి మొనతో ఎముకదగ్గర గుచ్చితే వచ్చే రసం తేటగా ఉండవలె, ఎర్రగా ఉండరాదు. అప్పుడు మూత తీసి నీరు యిగిరేదాకా సెగ పెంచండి.

ముక్కలు మగ్గుతుండగానే ప్రక్క పొయ్యిమీద పాకం. విద్య అంతా యిక్కడే ఉన్నది. నూరు గ్రాముల బెల్లం, నిమ్మకాయంత చింతపండు పిండిన చిక్కని రసం అరగిద్దె గ్లాసు, మిరపపొడి రెండు చెంచాలు, సోయా రసం రెండు చెంచాలు, సన్నగా తరిగిన వెల్లుల్లి ఆరేడు రెబ్బలు. సోయా రసం అక్కరలేదనుకొనేవారు అర చెంచా ఉప్పు, కొంచెం వేయించిన జీలకర్రపొడి వేసుకోవచ్చును. మా అత్తకు అదే నచ్చింది. మాకూ అదే నచ్చింది. సోయాలో ఉప్పు ఎక్కువ. అది వేసినవారు మరల ఉప్పు ముట్టరాదు.

బెల్లాన్ని ముందు కొద్ది నీళ్ళలో కరగబెట్టి వడకట్టండి. మండ్య బెల్లమైనా, అనకాపల్లి బెల్లమైనా అడుగున యిసుక కనబడడం మామూలే. వడకట్టిన నీళ్ళలో చింతపండు రసం, తక్కినవి కలిపి సన్న సెగమీద కాచండి. అరిసెలు వండిన చేతులకు పాకం సంగతి మేము చెప్పడం హాస్యాస్పదమే గాని, ఒక్క భేదం గుర్తుంచుకొనవలె. అరిసెల పాకంవలె ముదరనిస్తే, చల్లారగానే ముక్కలచుట్టూ రాయిలాగా బిగుసుకొంటుంది. దీనికి లేతపాకం చాలును. గరిటె వెనుక వ్రేలితో గీత గీస్తే గీత నిలబడాలి, అంతే. తీగ సాగిందా, ముదిరిందన్నమాట; రెండు చెంచాల వేడినీళ్ళు పోసి కలపండి.

చింతపండు పులుపుకోసమే అనుకోరాదు. బెల్లంలోని చక్కెరను పుల్లని వస్తువుతో కాచితే అందులో కొంత భాగం విడిపోయి రెండు వేరు చక్కెరలవుతుంది. అట్లా విడిపోయినది మరల పలుకు కట్టదు. పంచదార పాకంలో పెద్దలు నిమ్మరసం పిండడం కూడా యిందుకే. వారికి రసాయనశాస్త్రం తెలియదు; పాకం తెలుసును. పులుపు తక్కువైతే మరునాటికి పూత యిసుకవలె పొడిపొడి అవుతుంది.

పాకాన్ని ముక్కలమీద ఎప్పుడు పోయవలె? కడపట, ముక్క పూర్తిగా ఉడికిన తరువాతనే. మా వీధిలో ఒక యింట బెల్లాన్ని మొదటే మాంసానికి పట్టించి వేయించారు. పది నిమిషాలలో పైన బొగ్గు, లోపల పచ్చి. కారణం తేలికైనది. మాంసం లోపల సుమారు 74 డిగ్రీల వేడి పట్టేదాకా ఉడకాలి, దానికి కాలం కావలె. చక్కెర 160 డిగ్రీలు దాటగానే గోధుమరంగుకు తిరిగి, ఆ వెంటనే మాడుతుంది. బాణలి అడుగున ఆ వేడి ఎప్పుడూ ఉంటుంది. అందుకని ఆఖరి అయిదారు నిమిషాలు మాత్రమే పాకం పోసి, సెగ మధ్యస్థంగా ఉంచి, గరిటె ఆపకుండా తిప్పండి. మొదట పలుచగా పారుతుంది. తరువాత పెద్ద పెద్ద బుడగలు వచ్చి చిక్కబడి, ముక్కలను అంటుకొని మెరుస్తుంది. ఆ మెరుపు వచ్చిన క్షణంలో దించండి. పైన వేయించిన నువ్వులు చల్లండి. ముక్కలు నానవేసిన పచ్చి ఊరుపును మాత్రం పాకంలో కలపవద్దు. అందులో పచ్చిమాంసపు క్రిములుంటాయి.

మే, జూన్ నెలలలో మాకు బెల్లంకన్న యిష్టమైనది మరొకటి ఉన్నది. కృష్ణగిరి జిల్లా అంటేనే మామిడి. గుజ్జు తీసే కార్ఖానాలు యిక్కడ కావలసినన్ని. తోతాపురి కాయను అరవంలో కిళిమూక్కు అంటారు, ఆంధ్రదేశంలో కొన్నిచోట్ల కలెక్టరు మామిడి అంటారు. పేరు ఏదైనా కాయ అదే. పండినా కొంచెం పులుపు విడవదు. ఆ గుణమే మనకు కావలసినది. ఒక గ్లాసు గుజ్జు, యాభై గ్రాముల బెల్లం, మిరపపొడి, ఉప్పు వేసి కాచితే చింతపండు అక్కరలేని పాకం వస్తుంది. రంగు బంగారం. గుజ్జు చిందుతుంది, కాబట్టి పొయ్యికి కాస్త దూరంగా నిలబడండి.

చక్కెర వ్యాధి ఉన్న పెద్దలు ప్రతి యింటా ఉన్నారు. మా అత్తకూ ఉన్నది. బెల్లం గనుక చేటు లేదని కొందరు సులువుగా అనేస్తారు. అది సరికాదు. బెల్లంలో చాలాభాగం చక్కెరే, రక్తంలో అది చేసే పనీ దాదాపు అదే. కిలో మాంసానికి నూరు గ్రాముల బెల్లమంటే ఏడుగురికి తలా పద్నాలుగు గ్రాములు. అత్తకు పాకం పోయకముందే రెండు ముక్కలు తీసి, మిరియాలు, నిమ్మరసం చల్లి పెట్టాము. పాకంలో దొర్లిన ముక్క ఒక్కటి తాను అడిగి వేయించుకొన్నది. లెక్క పెట్టుకొని ఒక్కటే తిన్నది. లెక్కలో మా గుమాస్తాలకన్న గట్టిది.

అవ్వ విషయం మీరు అడుగుతారు. ఆ ఆదివారం విస్తళ్ళన్నీ వంటింట్లోనే పడ్డాయి. అవ్వ ఒక రెక్క తీసుకొని, సంగటి ముద్దకు ఆ పాకం అద్ది నోట పెట్టుకొని, కొంతసేపు మాట్లాడలేదు. "కారం చాలదు" అన్నది. పిల్లలు అప్పటికే కారం ఎక్కువైందని నీళ్ళు త్రాగుతున్నారు. యీ తగవు యింకా తీరలేదు. ప్రస్తుతం రెండు చెంచాల మిరపపొడి దగ్గర రాజీ కుదిరింది. పైన కావలసినవారికి ఎండుమిరప కారం విడిగా.

మిగిలిన ముక్కలను రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెడితే మరునాటికి చెడవు. వేడి చేసేటప్పుడు బాణలిలో రెండు చెంచాల నీళ్ళు చల్లి మూతపెట్టండి, పాకం మరల కరిగి మెరుస్తుంది. పొడిగా వేడి చేస్తే మాడి బాణలికి అంటుకొంటుంది. ఆ బాణలిని వెంటనే తోమబోకండి. నీళ్ళు పోసి పొయ్యిమీద ఒక పొంగు రానిస్తే అడుగు తనంతట తానే వదులుతుంది.