పటాన్‌చెరువు పారిశ్రామిక నగర వృత్తాంతము

నారాయణఖేడు నుండి హైదరాబాదునకు బస్సులో పోవువారు సంగారెడ్డి దాటిన పిమ్మట పొగగొట్టములను, బారులు తీరిన లారీలను చూచియే యుందురు. అదియే పటాన్‌చెరువు. మన ప్రాంతపు పిల్లలు పలువు రచ్చట పనులు చేసికొనుచున్నారు. ఆ నగర మెట్లు పెరిగెనో, చుట్టుపట్ల రైతునకు దానివలన నేమి వచ్చి యేమి పోయెనో యీ మాసము తెలుపదలచితిమి. మన పొరుగున జహీరాబాదు చెంత అట్టిదే మఱియొక నగరము తలపెట్టబడి యున్నది గావున, ఇది ఊరక కాలక్షేపమునకు వ్రాయునది కాదు.

కర్మాగారమునకు కావలసిన నేల, నీరు, కరెంటు, రహదారి యనునవి ధనముతో సమకూర్చుకొనవచ్చును. పని తెలిసిన చేతులు మాత్రము ఒక్కనాట దొరకవు. బ్రెజిలు దేశమున సావో జోసే దోస్ కాంపోస్ అను పట్టణము కలదు. అచ్చట 1950లో విమాన శాస్త్రము నేర్పు విద్యాలయము వెలసెను. విమానములు చేయు ఎంబ్రాయర్ సంస్థ 1969లో, అనగా 19 సంవత్సరముల పిమ్మట, పుట్టెను. ముందు బడి, వెనుక కర్మాగారము. మన వైపునను ఇంచుమించు ఇట్లే జరిగినది. 1961లో కేంద్ర ప్రభుత్వము ఐ.డి.పి.ఎల్. అను ఔషధ సంస్థను స్థాపించి, సోవియట్ రష్యా సాయముతో హైదరాబాదు బాలానగరులో మందుల కర్మాగారము నెలకొల్పెను. అందు పని నేర్చినవారు బయటికి వచ్చి స్వంతముగా కర్మాగారములు పెట్టిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు అట్టివారిలో నొకరు. హైదరాబాదు మందులకు పేరుపడుటకు మూలమిదియే. పటాన్‌చెరువునకు చేరువనున్న రామచంద్రాపురములో 1960 దశకమున బి.హెచ్.ఇ.ఎల్. యంత్ర కర్మాగారము వచ్చెను. 1970 దశకము మొదలు పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారములలో చిన్న పెద్ద కర్మాగారములు కిక్కిరిసెను.

ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. 1972లో అదే పటాన్‌చెరువున ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడెను. మన చేల పంటలైన జొన్న, కంది, శనగలే దానికి ముఖ్యములు. మెట్ట రైతు కొఱకు ప్రపంచమంతయు చూచు సంస్థ ఒక ప్రక్క, అదే మండలపు పొలముల నీటిని చెఱచిన కర్మాగారములు మఱియొక ప్రక్క!

నీరు చెడిన విధమును కొంత విపులముగా తెలిసికొనవలెను. మందు తయారు చేయునప్పుడు సరకుకంటె వ్యర్థమే యెక్కువ మిగులును. అందు ఉప్పులు, ద్రావకములు, మందు శేషములు కలిసియుండును. వానిని శుద్ధి చేయుటకు ఖర్చగును, పారబోయుట కేమియు కాదు. ఆ నీరు వాగుల వెంట నక్కవాగునకు, అందుండి మంజీరకు చేరెను. వాగు నీటిని నమ్ముకొన్న పొలములు, దరినున్న బావులు చెడెను. 1990లో సుప్రీము కోర్టులో వ్యాజ్యము దాఖలయ్యెను. 1994లో కర్మాగారములన్నిటికి ఉమ్మడిగా నొక శుద్ధి కేంద్రము వచ్చినది. అంతటితో తీరినదా యనిన, తీరలేదు. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ఆ కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ అను మందు కలదని ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె నిది యెక్కువ. ఇట్టి నీటిలో బ్రదుక నేర్చిన క్రిములు మందులకు లొంగవు. వ్యాజ్యము మాత్రము కోర్టు నుండి కోర్టునకు మారి, 2017లో హరిత ట్రిబ్యునలు తీర్పు వచ్చునప్పటికి 27 సంవత్సరములు గడచెను. నాడు కోర్టు కెక్కిన రైతు మనుమనికి పెండ్లియీడు వచ్చియుండును.

పని దొరకిన మాట నిజమే. మన తండాలనుండి ఏటేట చెఱకు నఱకుటకు వలసపోవు కుటుంబములకు నెలజీతము చిన్న మాట కాదు. అయితే చేతిపని నేర్వనివానికి దొరకునది చాలవఱకు కాంట్రాక్టు కూలియే. 2025 జూన్ 30న పాశమైలారములోని యొక మందుల కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీలు పెక్కురు.

ఇక జహీరాబాదు సంగతి. అచ్చట మహీంద్రావారి ట్రాక్టరు కర్మాగార మిదివఱకే కలదు. న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో సుమారు 12,600 ఎకరములలో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలిని తలపెట్టిరి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము అందు మొదటి భాగముగా 3,245 ఎకరములలో పారిశ్రామిక నగరమునకు 2,361 కోట్ల రూపాయలతో అనుమతి నిచ్చెను. 1.74 లక్షల మందికి పని కలుగునని ప్రభుత్వ అంచనా. అంచనా అంచనాయే గాని జీతపు చీటి కాదు.

మేము ముఖ్యముగా చెప్పదలచిన దిది. నక్కవాగు మంజీరలో కలియు చోటు సింగూరు ఆనకట్టకు దిగువన నున్నది. కావున పటాన్‌చెరువు మురికి సింగూరునకు చేరలేదు. జహీరాబాదు ప్రాంతమట్లు కాదు. అచ్చటి వాగులు సింగూరునకు ఎగువననే మంజీర చేరును. అచ్చట పారబోసినది మన త్రాగునీటి జలాశయమునకే రాగలదు. ఏ పరిశ్రమ వచ్చుచున్నది, దాని మురుగు ఎచ్చటికి పోవును అని ప్రజాభిప్రాయ సేకరణ నాడే అడుగుట ఆ రెండు మండలముల వారి పని మాత్రమే కాదు, మంజీర నీరు త్రాగు మనందఱి పని.

భూమి పోవువారికి 2013 నాటి భూసేకరణ చట్టము ఆధారము. దాని ప్రకారము పల్లెలలో మార్కెటు ధరను ఒకటి మొదలు రెండు రెట్ల వఱకు హెచ్చించి, దానిపై నూటికి నూఱు వంతుల సొలేషియము చేర్చవలెను. అచ్చట మూడేండ్లుగా ఆ భూమిపై బ్రదుకుచున్న కౌలుదారులు, కూలీలు కూడ బాధిత కుటుంబములుగనే లెక్కకు వత్తురు. ఈ సంగతి పలువురెఱుగరు. తెలంగాణ రాష్ట్రము ఆ చట్టమునకు సవరణలు చేసికొన్నది గావున, నోటీసు ఏ పద్ధతిని వచ్చినదో ముందుగా అడిగి తెలిసికొని పిమ్మట సంతకము చేయవలెను. నోటీసుకంటె ముందే మోటారు సైకిలుపై వచ్చు దళారికి పొలము వ్రాసి యిచ్చినచో ఈ హక్కులేవియు రావు.

మఱియొక పని యిప్పుడే చేయదగినది. మంజీర దరి గ్రామముల సభ్యులు తమ బావి, బోరు నీటిని ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తేదీ గల ఫలిత పత్రమును సంఘ కార్యాలయమున నొక ప్రతి దాఖలు చేయుడు. కర్మాగారము రాక పూర్వము నీరెట్లుండెనో చూపు కాగితము లేనియెడల, పిదప చెడినదని నిరూపించుట కడు కష్టము. నమూనాకు కడిగిన శుభ్రమైన సీసా తెచ్చి, బోరును కొంతసేపు నడిపించిన పిమ్మట నీరు పట్టవలెను.