20 నిమిషాల రక్తం గడ్డకట్టు పరీక్ష

పాము కాటుకు గురైన వ్యక్తి రక్తం గడ్డకట్టే గుణాన్ని కోల్పోయినదీ లేనిదీ మంచం వద్దనే తెలిపే పరీక్ష ఇది. ప్రకాశం జిల్లాలోని ముండ్లమూరు వంటి వ్యవసాయ మండలాలలో, పెద్ద ప్రయోగశాల అందుబాటులో లేని చోట, స్టాఫ్ నర్సులకు ఇది ఎంతో ఉపయోగకరం.

సిర నుండి తీసిన సుమారు 2 మి.లీ. రక్తాన్ని కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తరువాత ఒక్కసారి వంచుతారు. రక్తం ఇంకా ద్రవంగానే జారితే రక్తపింజరి లేదా చిన్నపింజరి విషం ఎక్కినట్లు భావిస్తారు. నాగుపాము, కట్లపాము విషాలు ప్రధానంగా నరాలపై పనిచేస్తాయి. కాబట్టి రక్తం గడ్డకట్టినంత మాత్రాన రోగిని ఇంటికి పంపరాదు. కనురెప్పలు వాలడాన్ని, శ్వాసను గమనిస్తూ ఉండాలి.

ఈ పరీక్షకు గొట్టమే ప్రాణం. రక్తం గడ్డకట్టడాన్ని ప్రేరేపించేది గాజు ఉపరితలమే. ప్లాస్టిక్ గొట్టంలోను, సబ్బు పొడితో కడిగిన గొట్టంలోను ఆరోగ్యవంతుని రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అవసరం లేని విషవిరుగుడు మందు ఎక్కుతుంది. దాని వలన ప్రాణాంతకమైన ఎలర్జీ రావచ్చు. అందుకే మందు ఎక్కించేటప్పుడు అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుతారు. ఫలితంపై సందేహం కలిగితే ఆరోగ్యవంతుని రక్తాన్ని పక్కనే మరొక గొట్టంలో ఉంచి పోల్చాలి.

విరుగుడు ఇచ్చిన 6 గంటలకు పరీక్ష మళ్ళీ చేస్తారు. గడ్డకట్టే కారకాలను కాలేయం తిరిగి తయారుచేయడానికి దాదాపు అంత సమయం పడుతుంది. ఆ వేళకు తరచుగా డ్యూటీ మారి ఉంటుంది. కనుక రక్తం తీసిన సమయాన్ని, తిరిగి తీయవలసిన సమయాన్ని కేసు షీటులో వ్రాసి, తరువాత వచ్చే నర్సుకు నోటితో కూడా చెప్పాలి.