ఇల్లు చూపించేవాడు ఎవరి మనిషి?



ఇల్లు కొనాలన్నా, అమ్మాలన్నా, చివరికి అద్దెకు వెతుక్కోవాలన్నా మొట్టమొదట మన గుమ్మంలోకి వచ్చే మనిషి ఏజెంటు. పూర్వం దళారి అనేవాళ్ళం, తర్వాత బ్రోకరన్నాం, ఇప్పుడు రియల్ ఎస్టేట్ ఏజెంటు అంటున్నాం. పేరేదైనా ఆయన మీద మన ఇళ్ళల్లో రెండే రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. "ఊరికే తలుపు తీసి చూపించి లక్ష రూపాయలు పట్టుకుపోతాడు" అన్నది ఒకటి. "అన్నీ ఆయనే చూసుకుంటానన్నాడు, మనకేం బెంగలేదు" అన్నది రెండోది. మొదటి మాట వల్ల ఉపయోగపడే మనిషిని దూరం చేసుకుంటాం. రెండో మాట వల్ల చూడవలసింది చూడకుండా సంతకం పెడతాం.

సంసారంలో ఇంటిని మించిన ఖర్చు లేదు కదా. ఆయన ప్రావిడెంట్ ఫండూ, మన నగలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బూ, రాబోయే ఇరవై ఏళ్ళ వాయిదాలూ అన్నీ ఒక్క దస్తావేజులోకి పోతాయి. పైగా పగటిపూట ఏజెంటుతో మాట్లాడేదీ, ఎండలో ఇళ్ళు తిరిగి చూసేదీ చాలా సంసారాల్లో మనమే. అందుకని ఆయన పని ఏమిటో, ఏది కాదో మనకే ముందు తెలిసి వుండాలి.

నిజానికి ఇల్లు చూపించడం ఆయన పనిలో చాలా చిన్న భాగం. అమ్మకం ప్రకటనలు ఇవాళ సెల్‌ఫోనులోనే కుప్పలుగా కనిపిస్తాయి. వాటిలో కనిపించని సంగతులు చెప్పగలిగినప్పుడే ఏజెంటు అవసరం. హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఒక పాత ఫ్లాటు 65 లక్షలు చెబుతున్నారనుకోండి. చెప్పే ధర వేరు, తెగే ధర వేరు. ఆ వీధిలో ఈమధ్య బేరాలు ఎంతకు తెగాయో అక్కడే పదేళ్ళుగా తిరుగుతున్న మనిషికి తెలుస్తుంది. ఆ అపార్టుమెంటుకు మంజీరా నీళ్ళు వస్తాయా, బోరు మీదే నడుస్తోందా, వేసవిలో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారు, మెయింటెనెన్సు బాకీలేమైనా వున్నాయా, 1,200 చదరపు అడుగులన్న దాంట్లో మనం మసిలే చోటు ఎంత, ఫ్లాటుతోపాటు వచ్చే భూమి వాటా ఎన్ని గజాలు - ఇవి అడగండి. 1,200 అన్నది కామన్ ఏరియాతో కలిపిన లెక్క అయితే గోడల మధ్య వైశాల్యం 900 కూడా వుండకపోవచ్చు. జవాబులు తెలిసినవాడూ, తెలియకపోతే కనుక్కొని మర్నాడు వచ్చి చెప్పేవాడూ పనికొచ్చే ఏజెంటు. "అన్నీ బ్రహ్మాండంగా వున్నాయమ్మా" అనేవాడికి నమస్కారం పెట్టేయండి. మనలో చాలామందిమి గుమ్మం తూర్పుదా, వంటగది ఆగ్నేయమా అన్నవి పదిసార్లు అడుగుతాం, భూమి వాటా సంగతి ఒక్కసారీ అడగం. ఏజెంట్లకు ఇది బాగా తెలుసు సుమండీ!

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి వుంది. "బాబూ, ఈ బేరంలో మీకు డబ్బిచ్చేది ఎవరు?" మొహమాటపడకుండా అడగండి. పెళ్ళిళ్ళ పేరయ్య ఇరుపక్షాల దగ్గరా తీసుకునేవాడని అందరికీ తెలుసు, కాబట్టి ఆయన మాట విని, మన విచారణ మనం చేసుకునేవాళ్ళం. ఇక్కడా అంతే. పాత ఫ్లాట్ల బేరాల్లో చాలాచోట్ల కొనేవారి దగ్గరా, అమ్మేవారి దగ్గరా కూడా ఒక శాతం నుంచి రెండు శాతం దాకా తీసుకోవడం వాడుక. 65 లక్షల మీద ఒక శాతమంటే 65 వేలు. చట్టం కట్టిన రేటు కాదిది, మాట్లాడుకుంటే తగ్గుతుంది. జి.ఎస్.టి. కలిపా, విడిగానా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. అద్దె ఇంటికైతే ఒక నెల అద్దె ఆనవాయితీ.

కొత్త అపార్టుమెంటు దగ్గర కథ వేరు. "మీరు నాకేమీ ఇవ్వక్కర్లేదమ్మా" అంటాడు. మనకు సంతోషం! బిల్డరు ఇస్తున్నాడు కాబట్టి అక్కర్లేదన్నమాట. అది తప్పు కాదు. కాని ఆయన బిల్డరు మనిషి అని గుర్తుపెట్టుకుని వినాలి. ఈ బేరాల కోసమే 2016లో రేరా చట్టం వచ్చింది. బ్రోకరు, మధ్యవర్తి, ఏ పేరు పెట్టుకున్నా సరే, చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టులో బిల్డరు అమ్మే ప్లాటు గాని, ఫ్లాటు గాని అమ్మిపెట్టాలంటే ఏజెంటు ముందుగా రేరాలో రిజిస్టరు కావాలి. రిజిస్టరు కావలసి వుండీ కాని ప్రాజెక్టులో ఆయన అమ్మకం జరిపించకూడదు. లేని సౌకర్యాలు వున్నాయని చెప్పకూడదు. బుకింగు సమయంలో మనకు రావలసిన కాగితాలు, వివరాలు మన చేతికి అందేలా చూడటం ఆయన బాధ్యత. తప్పితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఇంటి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. ప్రాజెక్టు నంబరూ, ఏజెంటు నంబరూ రెండూ అడిగి తీసుకుని రేరా వెబ్‌సైటులో పిల్లల చేత చూపించుకోండి. ఇంకో సంగతి. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా ఖరీదులో 10 శాతం మించి బిల్డరు తీసుకోరాదు. 70 లక్షల ఫ్లాటుకు 7 లక్షలు దాటి అడిగితే "ముందు అగ్రిమెంటు కానివ్వండి" అనాలి.

ఏజెంటుకు ఆ రిజిస్ట్రేషను నిబంధన బిల్డరు అమ్మే ఇళ్ళకే. ఒకరు వుంటున్న ఇల్లు మనం కొనుక్కుంటే అది వర్తించదు. మరి మనకు దిక్కేమిటంటారా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం వుంది. మనం మన పని అప్పగించిన ఏజెంటు మనం చెప్పినట్టు, తగిన శ్రద్ధతో ఆ పని చేయాలనీ, అడిగినప్పుడు లెక్క చెప్పాలనీ అందులో వుంది. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా ఆయనకు ప్రతిఫలం రాదు. మనకు తెలియకుండా మన బేరంలో సొంత వ్యాపారం చేసుకుంటే, ఆ లాభం మనం రాబట్టుకోవచ్చు.

ఈ చివరి మాట ఇల్లు అమ్ముకునేవాళ్ళకు మరీ ముఖ్యం. భర్త పోయి, పిల్లలు దూరాన వుండి, ఒంటరిగా వున్న ఇల్లాలు ఇల్లు అమ్మదలుచుకుందనుకోండి. ఆవిడకు మంచి ఏజెంటు పెద్ద అండ. వచ్చేపోయే కొత్తవాళ్ళందరికీ ఆవిడ తలుపు తీయనక్కర్లేదు. నిజంగా కొనే స్తోమత వున్నవాళ్ళనే, ముందుగా ఫోను చేసి, తాను వెంట వుండి తీసుకొస్తాడు. మొహం మీద ధర తగ్గించమంటే ఆవిడ కాదనలేకపోవచ్చు, మధ్యమనిషి కాదనగలడు. కాని అదే మనిషి, "మీ చేతికి 60 లక్షలొస్తే చాలు కదమ్మా, పైది నేను చూసుకుంటా" అంటే ఒక్క నిమిషం ఆగాలి. పైది రెండు లక్షలు కావచ్చు, పది లక్షలు కావచ్చు. అలా ఒప్పుకుంటే ఆ మీదటి లాభం మనమే రాసిచ్చినట్టు. "ఎంతకు తెగిందో నాకు తెలియాలి, మీ కమిషను ఇంత శాతం" అని కాగితం మీద రాసుకోవాలి. కొనేవారితో ధర దగ్గర ఒక్కసారైనా ఎదురుగా కూర్చోవాలి.

కాగితాల దగ్గర ఏజెంటు చేయగలిగింది తెచ్చిపెట్టడం. లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, పన్ను రసీదులు, ఈసీ, ఇవన్నీ తిరిగి తెస్తాడు. ఆ తిరుగుడు మనకు తప్పడమే పెద్ద సాయం. ఆ స్థలం రిజిస్ట్రేషను నిషేధించిన 22ఏ జాబితాలో వుందేమో కూడా చూసి చెప్పాలి. కాని చదవవలసింది మన వకీలు. ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. అన్నదమ్ముల తగాదా, కోర్టులో నడిచే దావా, తెల్లకాగితం మీది అగ్రిమెంటు అందులో కనపడకపోవచ్చు. "బ్యాంకువాళ్ళు లోను ఇస్తున్నారుగా" అని ధైర్యం చెబుతారు. బ్యాంకు వకీలు చూసేది బ్యాంకు డబ్బు క్షేమం. జి.పి.ఏ. మీద అమ్మేస్తామంటే మాత్రం వద్దనండి. అలాంటి కాగితంతో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది.

"ఇవాళే టోకెను ఇవ్వకపోతే సాయంత్రానికి వుండదు మేడమ్" అన్న మాట మీరు తప్పకుండా వింటారు. పూర్వం సంచకరువు అనేవారు, ఇప్పుడు బయానా, టోకెను అంటున్నాం. వకీలు కాగితాలు చూసేదాకా "మావారితో మాట్లాడి చెబుతాను బాబూ" అన్నదే మంచి జవాబు. ఇచ్చేటప్పుడు చెక్కుగా, ఇంటి యజమాని పేరునే ఇవ్వండి, ఏజెంటు చేతికి నగదు వద్దు. కాగితాల్లో లోపముంటే తిరిగి ఇస్తామని రసీదులో రాయించుకోండి. ఖరీదు 50 లక్షలు గాని, ఆపైన గాని అయితే అందులో ఒక శాతం అమ్మేవారి పేర ఆదాయపు పన్నుకు కొనేవారే కట్టాలి. అమ్మేవారు ఏ అమెరికాలోనో స్థిరపడినవాళ్ళయితే ఆ ఒక శాతం సరిపోదు, ఇంకా హెచ్చుగా పట్టుకోవాలి. ఈ సంగతి ఏజెంటు తనంతట తాను చెబితే పని తెలిసిన మనిషన్నమాట.

ఇక కమిషను. అగ్రిమెంటు నాడు సగం, రిజిస్ట్రేషను నాడు సగం అడగడం మామూలు. నన్నడిగితే కొంత మిగిల్చి పెట్టండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగాక చాలామంది ఏజెంట్లు మళ్ళీ ఫోనెత్తరు. కరెంటు మీటరు పేరు మార్పించడం, ఇంటిపన్ను మన పేరుకు వేయించడం, అసోసియేషనులో బాకీ లేదని కాగితం తీసుకోవడం ఇంకా మిగిలే వుంటాయి. ఆ పనులకింత అని ముందే రాసుకుని, తాళాలూ, ఆ కాగితాలూ చేతికొచ్చిన రోజున కాఫీ ఇచ్చి మిగతా డబ్బు ఇవ్వండి.